కిటికీ సందుల్లో పేలికలు

చలికాలం వచ్చిందంటే నా కుట్టుగదిలో మిషన్ల చప్పుడు కంటే తుమ్ముల చప్పుడే ఎక్కువ. ఇదంతా చలిగాలి పనేనని కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కేదాన్ని. ఊరికే కాదు, అంచులు మడిచి కుట్టి మరీ కుక్కేదాన్ని. ఎవరైనా రెక్క తీయబోతే ఒంటికాలి మీద లేచేదాన్ని.

మా బాబాయి ఒక్కడే, బొగ్గుల పొగ మా మీదికి రాకూడదని, వరండాలో నిలబడి ఇస్త్రీ చేసేవాడు. అన్నేళ్లూ ఆ చలిలో ఉన్నా ఆయన తుమ్మగా నేను చూడలేదు. గట్టి పిండం అనుకున్నాను. ఈ ఏడు జాలిపడి, కరెంటు ఇస్త్రీపెట్టె కొని, ఆయన్ని లోపలికి తెచ్చాను. నాలుగోరోజుకి మంచం పట్టాడు.

"చలి ఒక్కటే జలుబు తేదమ్మా, మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది" అంది మా గది సంగతంతా విన్న డాక్టరమ్మ. "తలుపులు బిగించుకుని ఎనిమిదిమంది కూర్చుంటే, ఒకరు వదిలిన గాలే మిగతావాళ్లూ పీలుస్తారు. పైగా చలికాలపు పొడిగాలిలో ఆ క్రిముల్లో కొన్ని ఎక్కువసేపు బతుకుతాయి."



ఆస్పత్రి నుంచి రాగానే పేలికలు పీకడం మొదలుపెట్టాను. ఒక్కటీ ఓ పట్టాన ఊడిరాలేదు. బాబాయి ముక్కు తుడుచుకుంటూ ఒకదాన్ని అందుకుని, అంచు తడిమి చూశాడు.

"ఎంత పనిమంతురాలివే అమ్మాయ్! జలుబుకి కూడా బయటికి పోయే దారి లేకుండా చేశావు."