కదిలే ముందు రెండు హారన్లు

లక్ష్మణప్ప పొక్లెయిన్ లివర్లు ముట్టి ఎనిమిది నెలలయింది. క్రిష్ణగిరి పక్క రాళ్ల క్వారీల్లో ఇరవైరెండేండ్లు ఆ బండి నడిపిన మనిషి, ఇప్పుడు హోసూరు పక్క మత్తిగిరిలో కూతురింట్లో చిక్కుడుకాయలు తుంచుకుంటా కూచోనుండాడు. కాయలు తుంచేది తప్పని నేననడం లేదు. కానీ ఇంటంత రాయిని కోడిగుడ్డు మాదిరి ఎత్తి లారీలో పెట్టిన చేతులు, ఈనె తీయబోయి కాయనే పారేస్తా ఉంటే చూసే కూతురికి ఎట్లుంటుంది?

జరిగింది ఇంతే. బండి కదిలించే ముందు రెండుసార్లు హారన్ కొట్టల్ల, చుట్టూ ఉండేవాళ్లు తప్పుకోవల్ల, ఆ తర్వాతే లివర్ ముట్టల్ల. అది ఆయన పద్ధతి. ఆ దినం హారన్ చెడిపోయి ఉండింది. చెప్తే క్వారీ ఓనరు, "రేపు చూద్దాంలే, ఎక్కప్పా" అన్నాడు. లక్ష్మణప్ప ఎక్కినాడు, బండి తిప్పినాడు. వెనకాల రాళ్లకు సుద్దముక్కతో గుర్తులు వేస్తా ఉన్న తిలక్ కాలు విరిగింది. తిలక్ మంచోడు. నాలుగు నెలలకు లేచి నడిచినాడు, ఇంటికొచ్చి "నీ తప్పు కాదన్నా" అని కూడా చెప్పిపోయినాడు. అయినా లక్ష్మణప్ప ఆ దినం దిగిన బండి మళ్లీ ఎక్కలేదు.

ఇప్పుడు క్రిష్ణగిరి జిల్లాలోనే పోచంపల్లి దగ్గర చెరువు పూడిక తీసే పని పట్టిన శ్రీరంగప్ప కొత్త బండి తెప్పించినాడు. "నువ్వొస్తే బండి నీకే, లక్ష్మణప్పా. ఆదివారం సాయంత్రం లోపల చెప్పు. లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటా" అన్నాడు. ఆదివారం రానే వచ్చింది, మధ్యాన్నం మూడు కూడా అయింది. లక్ష్మణప్ప ఫోన్‌ను బోర్లా పెట్టి కాయల పనిలో పడినాడు. ఈసారి కాదంటే ఇంకెవరూ పిలవరని ఆయనకు బాగా తెలుసు.

లోపలి గదిలో అల్లుడు ప్రశాంత్ ఆటలో ఉండాడు. అనంతపురం పక్కోడు, హోసూరు ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని. మామతో ఏం మాట్లాడల్లో తెలీక దినానికి నాలుగుసార్లు "తిన్నారా మామా" అని అడిగే రకం, పాపం. ఆదివారమొస్తే స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడతాడు. ఆ దినం ఏదో కొత్త ఆట వేసినాడు, ఇల్లంతా దడదడమంటా ఉంది.

"నాయనా, ఒకసారి లోపలికొచ్చి చూడు" అని పిలిచింది కూతురు దివ్యశ్రీ. "నీ అల్లుడు కూడా బండి నడుపుతా ఉండాడు."

"నాకెందుకమ్మా పిలకాయల ఆటలు" అని గొణుక్కుంటానే లేచిపోయినాడు.

గోడకున్న పెద్ద టీవీలో వాన పడతా ఉండే ఊరొకటి కనిపించింది. ఖాళీ వీధి, ఆరిపోయిన లైట్లు. ఉన్నట్టుండి పైనుంచి ఏదో దిగింది. రోడ్డు బిళ్లలు బిళ్లలుగా లేచిపోయింది, దుమ్ము కమ్ముకొనింది. దుమ్ములో ముందు ఒక పాదం కనబడింది, ఆ పాదమే లారీ అంత ఉంది. మోకాలు కనబడేసరికి పక్కనుండే రెండంతస్తుల ఇల్లు దాని కన్నా కిందే ఉండిపోయింది. ఆ పైన నడుము, ఆ పైన రొమ్ము, ఆ పైన వానలో ఎక్కడో తల. చూసేదానికి లక్ష్మణప్ప టీవీ ముందరే మెడ ఎత్తినాడు, అది గోడ మీది బొమ్మ అనే సంగతే మరిచిపోయినాడు. చూస్తానే మంచం అంచున కూచున్నాడు.

"ఏమప్పా ఇది?"

"మెక్ అంటారు మామా. లోపల మనిషి కూచోని నడుపుతాడు. మేము అయిదుగురు, అవతల అయిదుగురు. వాళ్ల మెక్‌లను మేము కూలగొట్టల్ల."

"ఉండుండు. ఆ మోకాలి వెనక్కి చూపించు."

ప్రశాంత్ బొమ్మను తిప్పినాడు. మోకాలి వెనక మనిషెత్తు ఇనపకడ్డీ ఒకటి, కాలు ముడిస్తే లోపలికి పోతా, చాపితే బయటికొస్తా ఉంది. జారేంత మేర తళతళమంటా ఉంది. అది ఆగే తావ సన్నగా నల్లటి గీత.

"ఈ బొమ్మ వేసినోడు బండి కింద పండుకొని చూసినాడప్పా" అన్నాడు లక్ష్మణప్ప.  "లేకుంటే ఆ నల్ల గీత రాదు. ఆయిలు రవ్వంత ఊరితే, దాని మీద దుమ్ము కూచుంటే వచ్చేది అది. యాడుండాడో మహానుభావుడు, దాన్ని కూడా వదల్లేదు." గ్రీసు యాడ కొడతారు, నడుము తిరిగేది దేని మీద, తడిలో పాదం జారదా, అడుగుతానే ఉండాడు. ఎనిమిది నెలల్లో నాయన ఇన్ని మాటలు కలిపి మాట్లాడింది దివ్యశ్రీ వినలేదు. గది గడప దగ్గరే నిలబడి వింటా ఉండింది.

ప్రశాంత్ ఏదో బటన్ నొక్కినాడు, టీవీలో మెక్ లోపల కూచున్నోడికి కనబడేదంతా కనబడింది. అద్దం మీద వాన నీళ్లు జారతా ఉండాయి. కింద ఇండ్లు, స్తంభాలు, గోడలు అన్నీ చిన్నవైపోయినాయి. ముప్పై ఏండ్ల వయసులో మొట్టమొదట పొక్లెయిన్ ఎక్కిన దినం లక్ష్మణప్పకు లోకం ఇట్లే కిందికి దిగిపోయింది. ఆ సంబరం ఇంక ఈ జన్మకు లేదని ఆయన అనుకొని ఉండినాడు. మంచం అంచు మీద ఇంకా ముందుకు జరిగి టీవీ వైపు వంగినాడు.

"ఒకసారి పట్టుకోండి మామా."

"నాకొద్దప్పా" అన్నాడే గానీ చెయ్యి అప్పటికే చాచేసినాడు. అల్లుడు చేతిలో పెట్టిన ఆట రిమోటుకు రెండు చిన్న పుల్లలు ఉండాయి, ఎడమకొకటి, కుడికొకటి, అచ్చం లివర్ల మాదిరి. పుల్లలను కదిలించకుండా రిమోటంతా తడిమి చూసినాడు.

"హారన్ యాడుంది?"

"హారన్ ఉండదు మామా, ఇది యుద్ధం."

"ఇంత బండికి హారన్ లేకుండా ఎవడప్పా చేసినోడు?" ఇంతసేపూ మహానుభావుడన్నోడి మీదే కోపమొచ్చింది.

ప్రశాంత్ తల గోక్కున్నాడు. "బూర మాదిరి ఒకటుంది. గెలిచినోళ్లు అవతలోళ్లను ఎగతాళి చేసేదానికి ఊదుతారు. ఇదో, ఈ బటన్."

"అది చాలు."

భోం, భోం. ఊరు ఊరంతా వినబడింది. ఆ తర్వాతే మొదటి అడుగు వేసినాడు. ఆ అడుగుకు ఊరి అద్దాలన్నీ గలగలమన్నాయి. కానీ ఆయన యాడుండాడో అవతలి అయిదుగురికీ తెలిసిపోయింది. నిమిషంలో వచ్చి పేల్చేసినారు. రెండోసారి కూడా అంతే, హారన్, అడుగు, పేలుడు.

స్పీకర్లో మోహన్‌కుమార్, ప్రశాంత్ స్నేహితుడు, గట్టిగా అరిచినాడు. "ప్రశాంతూ, ఆ బూర ఎవడప్పా ఊదేది? తిక్క గిక్క పట్టిందా?"

"మామా, ఆ హారన్ మాత్రం..." అని నసిగినాడు ప్రశాంత్.

"హారన్ కొట్టకుండా నేను కదిలించనప్పా."

మెల్లగానే అన్నాడు. ప్రశాంత్‌కు తిలక్ కాలు గుర్తుకొచ్చింది, తను అడిగిన మాటకు తనే సిగ్గుపడినాడు. "కొట్టండి మామా" అన్నాడు.

మూడోసారి లక్ష్మణప్ప మెక్ వీధి మలుపులో ఉండింది. సెల్వి అని ప్రశాంత్ ఆఫీసులోనే పని చేసే అమ్మాయి, క్రిష్ణగిరిలో వాళ్లింటి నుంచి ఆడతా ఉంది. ఆమె మెక్ పేలిపోతే అందులోని ఆమె బొమ్మ కిందికి దూకి, పరుగెత్తుకొచ్చి లక్ష్మణప్ప మెక్ వెనకాల దాక్కొనింది. ఈ ఆటలో మనోళ్ల పాదం కింద పడినా చావే. అంతలో ఎదురుగా శత్రువు ఫిరంగి తిప్పినాడు.

"వెనక్కి మామా, వెనక్కి" అన్నాడు ప్రశాంత్.

పుల్ల వెనక్కి లాగితే చాలు, గోడ చాటుకు పోతాడు. లక్ష్మణప్ప వెనక అద్దంలో చూసినాడు. మడమ దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న రవ్వంత మనిషి.  లాగలేదు. భోం అనిపించినాడు. గుండు వచ్చి తగిలి మెక్ ఎడమ చెయ్యి ఊడిపోయింది, లోపలంతా ఎర్ర లైట్లు. కదల్లేదు. ఇంకోసారి భోం అనిపించినాడు. తెల్ల టోపీ పక్కకు పరుగెత్తింది. అది గోడ దాటినంక గానీ ఆయన అడుగు తీయలేదు. తీసినాడు చూడు, అంత పెద్ద పాదం నేల మీద చప్పుడు లేకుండా ఆనింది. రెండో గుండుకు మెక్ కూలిపోయింది, ఆట ఓడిపోయినారు.

స్పీకర్లో సెల్వి గొంతు వినబడింది.  "ఎవరన్నా అది? నాలుగు దినాలుగా ఈ ఆట ఆడతా ఉండాను, మా వాళ్లే నన్ను తొక్కి పోతారు. హారన్ కొట్టి నిలబడింది మీరొక్కరే."

లక్ష్మణప్ప రిమోటును అల్లుడి చేతిలో పెట్టినాడు.   

లేచి హాల్లోకి పోయి ఫోన్ తీసినాడు. కూతురు, అల్లుడు వెనకాలే వచ్చి నిలబడినారు.

"శ్రీరంగప్పా, నేను లక్ష్మణప్పను. కొత్త బండికి హారన్ పని చేస్తాదా?"

అవతల ఏమన్నాడో వీళ్లకు వినబడలేదు.

"నువ్వు చెప్తే చాలదు. బండి దగ్గరికి పోయి కొట్టు, నేను వింటా."

ఫోన్ చెవికి పెట్టుకొని కిటికీ పక్క నిలబడినాడు. కొంచేపటికి ఫోన్లో నుంచి సన్నగా హారన్ మోగింది, గదిలో ముగ్గురికీ వినబడింది.

"ఇంకోసారి కొట్టు" అన్నాడు లక్ష్మణప్ప.

రెండోది కూడా మోగింది.

"రేపు పొద్దున్నే వస్తా" అన్నాడు.