ఖాళీ బోర్డు

బస్సులో పిల్లలు గొడవ చేస్తే లెనోరా పాష్కోకి భయం లేదు. నోరు మూసుకుని కూర్చుంటేనే భయం. ఆ ఊరి పసుపు రంగు స్కూలు బస్సును ఏళ్ళ తరబడి నడుపుతోంది. వెనక సీట్లలో అరుపులూ ఏడుపులూ, యాపిల్ ముక్కలు విసురుకోవడాలూ సాగినంతకాలం లోకం సవ్యంగా ఉన్నట్టే ఆమె లెక్క. అలాంటిది అక్టోబరు చివర్లో, కోసేసిన గోధుమ చేల మీద మొదటి మంచు పడ్డ వారంలో, బస్సు వెనక భాగం ఉన్నట్టుండి చర్చిలా నిశ్శబ్దమైపోయింది.

అద్దంలో చూస్తే తలలన్నీ చివరి సీటు వైపే వంగి ఉంటున్నాయి. ఫ్రీసెన్ వాళ్ళ కవల ఆడపిల్లలు బస్సెక్కిన మొదటి రోజు నుంచీ ఒకరి జుట్టు ఒకరు పీక్కునే ఘటాలు. వాళ్ళు కూడా పక్కపక్కనే బుద్ధిగా కూర్చుంటున్నారు. పైగా దిగేటప్పుడు థాంక్యూ చెబుతున్నారు.

"ఏంటి సంగతి?" అని అడిగింది లెనోరా, తలుపు మీట మీంచి చెయ్యి తియ్యకుండా.

"ఏం లేదు మిస్."

"ఏం లేకపోతే థాంక్యూ దేనికి?"

కవలలు మొహమొహాలు చూసుకున్నారు. "బస్సు నడిపినందుకు," అంది ఒకతి.

"ఇన్నాళ్ళూ ఎవరు నడిపారనుకున్నారే? సరే, వెనక్కి చూసుకోండి. ఏమీ మర్చిపోలేదుగా?"

ప్రతి స్టాపులోనూ ఆమె అడిగే మాటే అది. లేకపోతే చేతి తొడుగులూ టిఫిను డబ్బాలూ సీట్ల మీదే ఉండిపోతాయి. ఎప్పుడూ వినిపించుకోని పిల్లలు ఆ రోజు నిజంగానే వెనక్కి చూశారు. చూసి, ముసిముసిగా నవ్వుకుంటూ దిగిపోయారు. లెనోరాకి ఒళ్ళు మండింది.

ఆ వెనక సీటులో కూర్చునేది ఆమె కూతురు బ్రిన్. పదకొండేళ్ళ పిల్ల. బస్సు చివరి స్టాపు వాళ్ళ ఇల్లే. ఇంటి పక్క రేకుల షెడ్డులో, హీటరు వెచ్చదనంలో బస్సు నిలుస్తుంది. అక్కడ ఇంజను ఆపాక డ్రైవరు చివరిదాకా నడిచి వెళ్ళి, ప్రతి సీటు కిందా చూసి, నిద్రపోయిన పిల్లలెవరూ మిగిలిపోలేదని నిర్ధారించుకుని, వెనక అద్దానికి 'ఈ బస్సు ఖాళీ' అన్న బోర్డు తగిలించాలి. అది నియమం. తప్పితే ఉద్యోగానికే ఎసరు.

"నీకు మోకాలు నొప్పి కదమ్మా, నేను చూసొస్తాలే," అంది బ్రిన్ సోమవారం. మంగళవారమూ అదే మాట. చెప్పకుండా తన కంచం కూడా కడగని పిల్ల అడగకుండా పని మీదేసుకుంటే ఏ తల్లికి అనుమానం రాదు? లెనోరాకి వచ్చింది. కానీ మోకాలు నిజంగానే నొప్పిగా ఉండటంతో అనుమానాన్ని పక్కన పెట్టి బోర్డు పని పిల్లకి వదిలేసింది.

ఇంట్లో అంతకంటే వింతగా ఉంది. అలమరలో చేప డబ్బాలు తగ్గిపోతున్నాయి. లెనోరా ఆకుపచ్చ స్వెటరు కనిపించడం లేదు. బ్రిన్ వేసుకునే ఉన్ని టోపీ కూడా పత్తా లేదు. బుధవారం సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే, మూసిన తలుపు వెనక నుంచి బ్రిన్ ఫోనులో గుసగుసలాడటం వినిపించింది.

"అమ్మకింకా చెప్పలేదు నాన్నా. చెబుతా. ముందు ఇక్కడ ఒకటి కుదరాలి."

లెనోరా చేతిలో మేజోడు అలాగే ఉండిపోయింది.

నాన్నంటే డ్వేన్. చమురు బావుల పనికని కాల్గరీ నగరం వెళ్ళి, పని దొరికాక పెళ్ళాన్ని వదిలేసిన పెద్దమనిషి. ఇప్పుడక్కడ లిఫ్టు ఉన్న ఇల్లు, కింద ఈతకొలను. చేప డబ్బాలూ స్వెటరూ టోపీ, ఆ గుసగుసలూ అన్నీ కలిపి చూసుకుంటే లెనోరాకి ఒకే అర్థం కనిపించింది. పిల్ల మూట సర్దుకుంటోంది. నిలదీసి అడగొచ్చు. అడిగితే అవునంటుందేమోనని ఆమె భయం.

రాత్రి భోజనాల దగ్గర కూతుర్ని కంటికొసల్లోంచి చూసింది. బ్రిన్ బంగాళదుంప కుడుముల మీద క్రీము వేసుకుంటూ మామూలుగానే ఉంది. నెల కిందట ఇదే బల్ల దగ్గర పిల్లిని పెంచుకుందామని పేచీ పెట్టింది. అప్పుడు లెనోరా ఒప్పుకోలేదు. ఆమె పుట్టి పెరిగింది పొలాల్లో. వాళ్ళ నాన్న హయాంలో పిల్లులు గడ్డి కొట్టంలో ఉండేవి, మనుషులు ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ హద్దు చెరిపితే సోఫా నిండా బొచ్చేనని తేల్చి చెప్పింది. ఇప్పుడనిపించింది, ఆ రోజు సరే అని ఉంటే పిల్ల ఇక్కడే ఉండేదేమో.

గురువారం సాయంత్రం ఆమె కిటికీ దగ్గర నిలబడి దుంపలు చెక్కు తీస్తోంది. షెడ్డు తలుపు తెరిచే ఉంది. బస్సు వెనక అద్దం ఎదురుగా కనిపిస్తోంది. అద్దానికి బోర్డు లేదు.

నిన్న ఉందా? గుర్తు తెచ్చుకుంది. లేదు. ఆ వారంలో ఒక్క రోజు కూడా చూసినట్టు లేదు. ఇంకెవరైనా చూసి ఉంటే ఈపాటికి ఉద్యోగం ఊడేది. దుంపనీ కత్తినీ సింకులో పడేసి, కోటు తగిలించుకుని షెడ్డులోకి నడిచింది. "కానివ్వు, ఈ రోజుతో తేలిపోవాలి," అని పైకే అంది.

బస్సెక్కి చివరిదాకా వెళ్ళి వంగి చూసింది. చివరి సీటు కింద అట్టపెట్టె ఉంది. అందులో ఆకుపచ్చ స్వెటరు, దాని మీద ఉన్ని టోపీ. పక్కనే చేప డబ్బాలు. ఏ మూటనైతే చూడకూడదనుకుందో అదే కళ్ళెదుట ఉన్నట్టనిపించింది. సీటు మీద కూలబడింది. ఇంత చిన్న పెట్టెతో వెళ్ళిపోదామనుకుందా ఈ పిల్ల, అని ఏడుపొచ్చింది.

అప్పుడు టోపీ కదిలింది.

టోపీ లోంచి బూడిద రంగు తల ఒకటి పైకి లేచింది. చెవి కొస చలికి మాడిపోయింది. ఆ పిల్లికూన లెనోరాని కిందా మీదా చూసింది. లెనోరా దాన్ని చూసింది. ఇద్దరిలో ఎవరూ ఎవర్నీ నమ్మలేదు.

"అమ్మా," అని వినిపించింది మెట్ల దగ్గర నుంచి. బ్రిన్ చేతిలో పాల సాసరు ఉంది.

"ఎక్కడిది ఇది?"

"వీబ్ వాళ్ళ పొలం మలుపులో, రోడ్డు కింది కాలవ గొట్టంలో ఉంది. బస్సాగినప్పుడు ఎక్కించా."

"నా కళ్ళముందేనా?"

"నువ్వు కవలల్ని తిడుతున్నావు అప్పుడు."

"బోర్డేదీ?"

"ఇదిగో, సీటు వెనకే ఉంది."

"ఎందుకు తగిలించలేదు? నా ఉద్యోగం ఏమవుతుందో తెలుసా నీకు?"

బ్రిన్ సాసరు వైపు చూస్తూ నిలబడింది. "ఖాళీ కాదుగా. ఖాళీ అని ఎలా పెడతాం?"

"ఓహో. అమ్మని మోసం చెయ్యొచ్చు గానీ బోర్డుని చెయ్యకూడదన్నమాట." లెనోరా గొంతు లేచింది. "పిల్లి వద్దన్నానా లేదా?"

"అన్నావు. కానీ ఇది నాక్కాదు. నీకు."

"నాకా? నేనడిగానా?"

"నువ్వేదీ అడగవుగా." బ్రిన్ సాసరు కింద పెట్టింది. పాలు సగం ఒలికాయి. "వచ్చే వేసవి సెలవులకి తన దగ్గరికొచ్చి, బడి కూడా అక్కడే ఒక ఏడాది చదువుకోమన్నాడు నాన్న. నేను సరే అన్నా. నీకు చెప్పాలంటే భయమేసింది. నేను వెళితే సాయంత్రం బస్సు దిగి ఇంట్లోకి నువ్వొక్కదానివే కదా వెళ్ళేది. అందుకే ముందు ఇది నీకు అలవాటైతే చెబుదామని."

పెట్టె మూట కాకపోయినా లెనోరా భయమే నిజమైంది. డ్వేన్ గురించి నాలుకమీదికి వచ్చినవన్నీ మింగేసింది. కూతురి మీద కోపం కూడా నిలవలేదు. వెళ్ళేది తనైనా బెంగంతా తల్లి గురించి పెట్టుకున్న పిల్లని ఏమంటుంది?

పిల్లికూన పెట్టె దాటి వచ్చి, డీజిలు, దుంప తొక్కల వాసన వేసే ఆమె వేళ్ళని మూచూసింది. నచ్చినట్టు లేదు. అయినా అక్కడే కూర్చుని ఒలికిన పాలు నాకసాగింది.

"పేరేంటి దీనికి?"

"కవలలు ఏదో పెట్టబోయారు. నేనే వద్దన్నా, నువ్వు పెట్టాలని."

"పేరు పెడితే ఇక పొమ్మనలేం."

"తెలుసు."

"పెంచినవన్నీ ఎలాగూ పోతాయి. ఇదీ పోతుంది."

"ఇది పోదమ్మా. తలుపు వేసుకుంటే ఇంట్లోనే ఉంటుంది."

తలుపేస్తే నువ్వుంటావా అని అడగబోయి ఆపుకుంది లెనోరా. అదొక్కటీ అడగకూడదని ఆమెకి తెలుసు. పిల్లికూనని మెడ దగ్గర పట్టి ఎత్తి కోటు లోపలికి తోసింది. అది గోళ్ళు దించింది.

"సోఫా ఎక్కితే మాత్రం ఊరుకోను," అంది దానితో. తర్వాత కూతురితో, "పద, దుంపలు నల్లబడిపోతాయి."

మెట్ల దగ్గర ఆగి, అలవాటుకొద్దీ అనేసింది. "వెనక్కి చూసుకో. ఏమీ మర్చిపోలేదుగా?"

బ్రిన్ గిరుక్కున వెనక్కి తిరిగి బస్సు చివరిదాకా నడిచింది. ప్రతి సీటు కిందా వంగి చూసింది. బోర్డు తీసి అద్దానికి తగిలించి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"లేదమ్మా. ఏమీ లేదు."

"నువ్వెళ్ళే రోజు కూడా ఇదే అడుగుతాను," అంది లెనోరా. "అప్పుడూ ఇలాగే వెనక్కొచ్చి చూడాలి."

బ్రిన్ తల ఊపింది. లెనోరా ఒక చేత్తో కోటు ముందుభాగం గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కూతురి చెయ్యి అందుకుని, మంచు మీద జారకుండా చూసుకుంటూ ఇంట్లోకి నడిచింది.