రెండుసార్లు పడిన ఉప్పు

చలికాలానికి ఊరంతా కలిసి కిమ్చీ, అంటే కారం పూసిన క్యాబేజీ పచ్చడి, పట్టే రోజు. పొద్దున్నే, ఊళ్లో ముసలివాళ్లు పగటిపూట కలుసుకునే మందిరం పెరట్లో గంగాళం మూత తీసి, ఒక క్యాబేజీ ఆకు కొరికిన సూనిమ్ వెంటనే ఉమ్మేసింది. ఒట్టి ఉప్పు. నిన్న సాయంత్రం బున్‌రే ఉప్పు చల్లింది. చల్లిన సంగతి మరిచిపోయి మళ్లీ చల్లింది.

ఏళ్ల తరబడి ఊరందరి క్యాబేజీకీ ఉప్పు వేసిన చెయ్యి అది.

"సముద్రాన్నే తెచ్చి పోసింది మహాతల్లి!" అని కాంగ్ ఇంటావిడ నవ్వింది.

వెనకే నిల్చున్న బున్‌రే ఆ మాట విన్నది. చేతి తొడుగులు విప్పి మెట్టు మీద పెట్టి, ఇంటికి వెళ్లిపోయింది.

సూనిమ్‌కు తన సొంత అక్క గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే ఏదో చిన్న పొరపాటుకు సిగ్గుపడి తలుపేసుకుంది. పోనీలే, విశ్రాంతిగా ఉంటుందని ఎవరూ పిలవలేదు. మంచు కరిగేసరికి ఆవిడ నోట మాటే కరువైంది. మనుషులు లేక మాట పోయిందా, మాట పోయి మనుషులు దూరమయ్యారా? చర్చికి వెళ్లినప్పుడల్లా సూనిమ్ దేవుణ్ణి అడుగుతూనే ఉంది. ఆయన ఇంకా చెప్పలేదు.

బున్‌రేను మాత్రం అలా వదలకూడదు.

"ముల్లంగి పెద్ద ముక్కలుగా కొయ్యండి. మధ్యమధ్య పెడితే ఉప్పు లాగేస్తుంది" అని పురమాయించి, సూనిమ్ బయల్దేరింది.

బున్‌రే కోటైనా విప్పకుండా టీవీ ముందు నేల మీద కూర్చుని ఉంది.

"లే అక్కా. అక్కడ పని ఆగిపోయింది."

"నేనెందుకే? నా బుర్రకు చిల్లు పడింది. ఏది ముట్టుకున్నా పాడే."

"ఉప్పెక్కువైందని క్యాబేజీని పారేస్తామా? నువ్వొచ్చి మా మధ్య కూర్చో. ఇటు నేను, అటు కాంగ్ ఇంటావిడ."

"అమ్మో, దాని నోటికి అడ్డూ ఆపూ లేదు!"

"అందుకే. నీకు కునుకు పట్టదు."

మందిరం పెరట్లో ఇద్దరి మధ్యా కూర్చున్నాక, కారం ముద్ద ముందుకు రాగానే బున్‌రే చేతులు వాటంతటవే కదిలాయి. ఆకు ఎత్తడం, కారం పూయడం, మడవడం. చుట్టూ పాత తగువులు, పోయినవాళ్ల ముచ్చట్లు. ఒకటి రెండుసార్లు తనూ నవ్వింది. కాసేపటికి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఛీ! ఇంత ఉప్పు ఎవరు వేశారే?"

చేతులన్నీ ఆగిపోయాయి. కాంగ్ ఇంటావిడ నోరు తెరిచి, మళ్లీ తల దించుకుంది.

"మనమే అక్కా" అంది సూనిమ్.

"వచ్చే ఏడు నేను వేస్తాను. మీకెవరికీ అంచనా తెలీదు."

"నువ్వే వెయ్యాలి. నేను పక్కనుంటాను" అని సూనిమ్ ఆమె చేతికి మరో ముల్లంగి ముక్క అందించింది.