నూగు లేని అంచు

మూడోసారి కూడా ఎనిమిదే పాడయింది.

కండక్టరు మిషను ఆపి, చెక్క మీది పొట్టును బ్రష్షుతో ఊడ్చి, కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. గాడి అడుగు అద్దంలా ఉంది. వంపులు చక్కగా తిరిగాయి. నడుము దగ్గర, పై సున్నా కింది సున్నా కలిసే చోట మాత్రం నాలుగు మొనల మీదా సన్నటి నూగు లేచింది. ఒక మొన దగ్గర సూదంత పేడు నిటారుగా నిలబడింది. చూపుడువేలితో తాకాడు. చురుక్కుమంది.

"నీ దుంపతెగ," అన్నాడు మిషనుతో.

అది పెద్ద మిషనేమీ కాదు. భోజనాల బల్లంత చట్రం, దాని మీద అటూ ఇటూ జరిగే అడ్డకడ్డీ, కడ్డీకి వేలాడే చిన్న మోటారు, మోటారు నోట్లో పెన్సిలంత బిట్టు. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే ఆ బిట్టు గిర్రున తిరుగుతూ గీత వెంట నడిచి చెక్కను తొలుచుకుంటూ పోతుంది. సరదాకి చెక్కపని చేసుకునేవాళ్ళు ఇళ్ళల్లో పెట్టుకునే రకం. అతను రిటైరైన నాలుగో నెలలో అట్టపెట్టెల్లో విడిభాగాలుగా వచ్చింది. వెనక గది నేల మీద పరుచుకుని మూడు వారాలు బిగించాడు. అంతా అయ్యాక రెండు మరలు మిగిలాయి. అవి ఎక్కడివో ఇప్పటికీ తెలియదు.

అంతకు ముందు ముప్ఫై ఒక్క సంవత్సరాలు సిటీ బస్సులో పని. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా, మళ్ళీ వెనక నుంచి ముందుకి. ఉద్యోగం దిగిపోయే రోజు ఎవరో లెక్కగట్టి, బస్సు లోపల నడిచిన నడకతోనే సగం భూమి చుట్టొచ్చాడని పొగిడారు. "ఎంత చుట్టినా ఎక్కడికీ వెళ్ళలేదుగా," అంది భార్య. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ ఆ మాట మాత్రం లోపలెక్కడో పేడులా ఉండిపోయింది.

ఇంట్లో ఉండడం మొదలయ్యాక కాలుగాలిన పిల్లే. వంటగదిలోకి, వరండాలోకి, గేటు దాకా, మళ్ళీ వంటగదిలోకి. పేపరు నిలబడి చదివేవాడు. టీ నడుస్తూ తాగేవాడు. వీధిలో అందరూ 'బొంగరం' అనే పిలిచేవాళ్ళు, చాటుగా కొందరు, ఎదురుగానే కొందరు. మిషను కొనమని చెప్పింది భార్యే. "దాన్నైనా తిప్పండి, నన్ను తిప్పకుండా."

నిజానికి అతని తండ్రి వడ్రంగి. పన్నెండేళ్ళప్పుడు ఉలి చేతికిచ్చి కూర్చోబెడితే అరగంటలో నాలుగుసార్లు లేచాడు. "కుదురు లేనివాడికి కర్ర లొంగదురా," అని తండ్రి ఉలి వెనక్కి తీసుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. వెనక్కి తీసుకున్నాడంతే. ఆ తర్వాత ఇంక ఎప్పుడూ ఇవ్వలేదు.

పాడైన చెక్కను గోడకి ఆనించి, గదిలో రెండు చుట్లు తిరిగాడు. సున్నా నుంచి ఏడు దాకా బాగానే వచ్చాయి. తొమ్మిదీ వచ్చింది. పది పలకల్లో ఒక్కటి. ఆ ఒక్క దాని కోసమే నాలుగు రోజులుగా అతనికి తిండి సయించడం లేదు.

నాలుగు రోజుల కిందట టీచరమ్మ వచ్చింది. చూపు లేని పిల్లల బడిలో లెక్కలు చెబుతుంది. ఆమెకూ చూపు లేదు. అంకెల ఆకారం వేలితో దిద్దుకునేందుకు, వేలు పట్టేంత గాడితో పది పలకలు కావాలని అంతకు నెల ముందు అడిగింది. అతను చేసిచ్చాడు. నున్నగా ఉన్నాయని తెగ మురిసిపోయాడు కూడా. ఆ రోజు ఆమె సంచీలోంచి ఎనిమిది పలక తీసి అతని చేతిలో పెట్టింది.

"బాబాయిగారూ, ఒక పాప వేలికి పేడు దిగిందండీ. నడుము దగ్గర."

"అయ్యో. బాగానే చూశానమ్మా!"

"మీరు చూస్తే ఏం లాభమండీ, చూడాల్సింది వేలు కదా!" అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "వేలుదేముంది, మానిపోతుంది. ఆ పాప ఇప్పుడు ఎనిమిది ముట్టుకోదు. ఆరు, ఏడు, తొమ్మిది అంటోంది. ఎనిమిది లేనట్టే దాటేస్తోంది," అంది.

"గరుకు కాగితంతో రుద్దేస్తానమ్మా, ఐదు నిమిషాల పని."

"వద్దు. రుద్దితే అంచు చచ్చిపోతుంది. గాడి ఎక్కడ మొదలైందో వేలికి తెలియదు. అంచు ఉండాలి, పేడు ఉండకూడదు. అవుతుందా?"

అవుతుందన్నాడు. ఎలా అవుతుందో తెలియకుండానే అన్నాడు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి వస్తానంది ఆమె.

ఇప్పుడు తొమ్మిదిన్నర. చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది భార్య, కూరగాయలు తరుగుతూ.

"బిట్టు కొనడానికి."

"మొన్నే కొన్నారుగా?"

"అది పీకుతోంది. కోయడం లేదు."

"చెయ్యి పట్టుకుంటున్నారేంటి?"

ఎడమ భుజాన్ని కుడిచేత్తో నొక్కుకుంటున్న సంగతి అప్పుడు గమనించాడు. "పొద్దున బిగింపు మరలు గట్టిగా తిప్పాను," అని చెప్పి గేటు దాటేశాడు.

బస్సులో సగం సీట్లు ఖాళీ. అతను కూర్చోలేదు. వెనక తలుపు పక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"తాతగారూ, ఇక్కడ కూర్చోండి," అంది కాలేజీ పిల్ల, సంచీ పక్కకు జరిపి.

"అలవాటు లేదమ్మా."

తర్వాతి స్టాపులో ఐదారుగురు ఎక్కి తలుపు దగ్గరే గుమిగూడారు. "జరగండి, జరగండి, ముందంతా ఖాళీయే!" అన్నాడు గట్టిగా. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. జనం జరిగారు. ఈ కాలపు కండక్టరు, టికెట్ల మిషను చేతిలో పట్టుకున్న కుర్రాడు, అతని వైపు ఎగాదిగా చూశాడు. చూసి, చిన్నగా తలూపాడు. అతనికి ఆ రోజు మొదటిసారి హాయిగా అనిపించింది.

పనిముట్ల దుకాణం సందు చివర. యజమాని అతనికి పాత ప్రయాణికుడు. ముప్ఫై ఏళ్ళు అతని బస్సులోనే దుకాణానికి వచ్చాడు మరి.

పాడైన పలకను బల్ల మీద పెట్టాడు. దుకాణదారు భూతద్దంతో చూశాడు. "మీ బిట్టు పైకి లాగే రకం. మెలిక పైకి ఉంటుంది. పొట్టు చక్కగా బయటికొస్తుంది గానీ, దాంతో పాటు పైనున్న నారను కూడా పీక్కుంటూ పోతుంది. మొనల దగ్గర నార పొట్టిగా ఉంటుంది, పట్టు ఉండదు. అందుకే అక్కడ లేస్తోంది." సొరుగు లాగి ఇంకో బిట్టు తీశాడు. చూడ్డానికి అలాగే ఉంది, మెలిక మాత్రం ఎదురు దిక్కుకి తిరిగింది. "ఇది కిందికి నొక్కే రకం. నారను అదిమిపెట్టి కోస్తుంది. పైఅంచు వెన్నలా వస్తుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడగలేదు మీరు. వచ్చిన కాళ్ళ మీదే వెళ్ళిపోతారు. ఇదిగో, దీంతో ఒక బాధ ఉంది. పొట్టు పైకి రాదు, గాడిలోనే ఇరుక్కుంటుంది. వేడెక్కుతుంది. కొంచెం కొంచెంగా దిగాలి, పక్కన నిలబడి పొట్టు లాగుతూ ఉండాలి. మిషను వేసేసి వీధిలోకి వెళ్తానంటే కుదరదు. కాలిపోతుంది."

"పక్కనే ఉంటాను."

"మీరా?" అన్నాడు దుకాణదారు. తర్వాత, నొచ్చుకున్నాడేమోనని, "ఉంటార్లెండి," అన్నాడు.

ఇంటికి చేరేసరికి చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. భోజనానికి రమ్మంటే మజ్జిగ తాగి వెనక గదిలోకి వెళ్ళాడు.

కొత్త చెక్కను బల్ల మీద పరిచాడు. కింద పాత చెక్కముక్క వేశాడు, బిట్టు దిగితే దానిలోకి దిగాలని. నాలుగు మూలలా బిగించాడు. చదరంగా కూర్చుందో లేదో వేలితో తట్టి విన్నాడు. ఒక మూల డొల్లగా మోగింది. విప్పి, పొట్టు తుడిచి, మళ్ళీ బిగించాడు. కంప్యూటర్లో లోతును ఆరు అంచెలు చేశాడు. గాడి అంచు దగ్గర వెంట్రుకవాసి చెక్క వదిలేసి, చివర్లో ఒకే ఒక్క చుట్టుతో ఆ వెంట్రుకవాసినీ తీసేసేలా గీత మార్చాడు.

ఇక మిగిలింది వేగం. నిదానమే ప్రధానం అన్న పెద్దమనిషి ఈ మిషను చూసి ఉండడు. నిదానంగా పోతే బిట్టు ఒకేచోట రాసుకుని చెక్క నల్లగా మాడుతుంది. తొందరపడితే చీలుతుంది. ఆ రెంటికీ మధ్య సన్నటి దారి ఉంది. దాన్ని అంకె చూసి పట్టుకోలేం, చెవితో పట్టుకోవాలి. చెక్క కోత సరిగ్గా పడినప్పుడు మోటారు మూలగదు, కీచుమనదు. తుమ్మెదలా పాడుతుంది.

మొదటి అంచె దిగింది. గాడిలో పొట్టు ముద్దగా పేరుకుంది. వాక్యూమ్ గొట్టం పట్టుకుని బిట్టు వెంటే నడిపించాడు. రెండో అంచె. కాళ్ళు గుంజాయి. గేటు చప్పుడైనట్టయింది. చూసి రావాలనిపించింది. పోస్టువాడేమో. కరెంటు మీటరు చూసే మనిషేమో. పాదం తలుపు వైపు తిరిగింది కూడా. అప్పుడే సన్నగా మాడు వాసన తగిలింది. గబుక్కున వెనక్కి తిరిగి గొట్టాన్ని గాడిలోకి పెట్టాడు. వాసన పోయింది. తర్వాత పాదం కదల్లేదు.

మూడు, నాలుగు, ఐదు. ఒక చోట ఇంతసేపు నిలబడడం అతనికి జ్ఞాపకం లేదు. ఆరో అంచె అయ్యాక మిషను ఒక్క క్షణం పైకి లేచి, ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, చివరి చుట్టుకి దిగింది. పై సున్నా చుట్టూ పోయింది. నడుము దాటింది. మొదటి మొన, రెండో మొన. తుమ్మెద పాట ఎక్కడా తెగలేదు. కింది సున్నా. మళ్ళీ నడుము. మూడో మొన, నాలుగో మొన.

బిట్టు లేచి తన మూలకి వెళ్ళి ఆగింది.

అతను పొట్టు ఊడ్చాడు. కళ్ళు మూసుకుని చూపుడువేలు గాడిలో పెట్టాడు. వేలు పైకెక్కి, తిరిగి, నడుములోంచి జారి, కిందికి వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చింది. ఎక్కడా చురుక్కుమనలేదు. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి. అంచు ఉంది, స్పష్టంగా, గీత గీసినట్టు. పేడు లేదు.

"ఇదిగో, ఏమోయ్!" అని పిలిచాడు. వాక్యూమ్ హోరులో అది వంటగది దాకా పోలేదు. వెళ్ళి చూపిద్దామనుకున్నాడు. ముందు ఒక్క నిమిషం కూర్చుందామనిపించింది. స్టూలు దగ్గరికి లాక్కుని, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. గోడ చల్లగా ఉంది. కిటికీలోంచి పడే ఎండలో చెక్కదుమ్ము మెల్లగా దిగుతోంది. అది దిగడం చూస్తూ ఉన్నాడు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది.

"వెనక గదిలోనే ఉన్నారమ్మా, వెళ్ళు. టీ పట్టుకొస్తాను," అంది అతని భార్య.

చేతికర్రతో గుమ్మం వెతుక్కుని టీచరమ్మ లోపలికి వెళ్ళింది. వాక్యూమ్ ఇంకా మోగుతూనే ఉంది. కర్ర అతని మోకాలికి తగిలింది.

"సారీ బాబాయిగారూ. అయిందా?"

జవాబు రాలేదు. చప్పుడులో వినపడలేదేమో అనుకుని ఆమె బల్ల తడిమింది. పలక దొరికింది. వేలు గాడిలో పెట్టింది. చాలాసేపు తిప్పింది. నడుము దగ్గర ఆగి, ఒక్కో మొననీ గోరుతో గీరి చూసింది.

"వంక పెడదామనే వచ్చాను," అంది గొంతు పెంచి. "దొరకలేదండీ. ఇలాంటి అంచు నేనెక్కడా ముట్టుకోలేదు. మా పాపకి మీరే చెప్పాలి, ఈ ఎనిమిది కుట్టదని."

ఆయన పలకలేదు. ఆమె నవ్వింది. "మార్కులు చెప్పాక కూడా బిగుసుకుని కూర్చుంటే ఎలాగండీ!"

టీ గ్లాసులు పట్టుకుని భార్య గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నిగారూ, మీవారు అలిగినట్టున్నారు. పొగిడినా పలకడం లేదు, స్టూలు మీంచి లేవడం లేదు."

"కూర్చున్నారా?" అంది ఆవిడ.

గ్లాసులు బల్ల మీద పెట్టింది. వాక్యూమ్ స్విచ్చి ఆపింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. టీచరమ్మ ముఖం మీది నవ్వు, చెవులకి ఏదో అందక, మెల్లగా మారిపోయింది. ఆవిడ వెళ్ళి భర్త భుజం మీద చెయ్యి వేసింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మనిషి ఎవరైనా వస్తే ఆయన కూర్చుని ఉండడం ఆవిడ చూడలేదు.

"లేవండి," అంది నెమ్మదిగా. "టీచరమ్మ వచ్చింది."

నెల తర్వాత టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పని మీద కాదు. అతని భార్య పక్కన ముందుగదిలో కూర్చుంది.

"ఆ పాప ముట్టుకుందా?" అని అడిగింది ఆవిడ.

"రెండు రోజులు మొండికేసింది. మూడోనాడు ముట్టుకుంది. ఇప్పుడు దాన్ని వదలదు పిన్నిగారూ. ఎనిమిది చుట్టూ నాలుగైదు రౌండ్లు కొడితే గానీ తొమ్మిదికి పోదు."

ఆవిడ నవ్వబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ వెళ్ళాక, ఆ రోజు తర్వాత మొదటిసారి, వెనక గది తలుపు తీసింది. చీపురు పట్టుకుని వెళ్ళింది గానీ ఊడవలేదు. మిషను బల్ల చివర ఆయన కళ్ళజోడు ఉంది. ఒక అద్దం శుభ్రంగా తుడిచి ఉంది. రెండో అద్దం మీద చెక్కదుమ్ము అలాగే ఉంది.