గోడల మీద వదిన

చిన్నా ఓ ఫొటో స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాడు. ఉండేది అన్నావదినల దగ్గర. అన్నయ్య స్కూలు వ్యాను నడుపుతాడు. వదిన ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోటినిండా గుండుసూదులున్నా నవ్వాపుకోలేని మనిషి.

ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర సూదిలోకి దారం ఎక్కిస్తుంటే చిన్నా ఫొటో తీశాడు. కళ్లు చికిలించి, పెదవులు బిగించి ఉంది, అంతే. స్టూడియోలో పని లేనప్పుడు దానికి టోన్ మ్యాపింగ్ చేశాడు. నీడల్నీ వెలుగుల్నీ విడివిడిగా పట్టుకుని సర్దే పని అది. వెలుతురు తగ్గించాడు. చర్మం మీది ప్రతి గీతకీ పదును పెట్టాడు. కళ్లకింద గుంటలు పడ్డాయి. చెంపమీద పడిన కిటికీ ఊచ నీడ కమిలిన వాతలా తేలింది. సూది కనబడకుండా కింది భాగం కత్తిరించాడు. తెరమీద వదిన ఏళ్ల తరబడి ఏడుపు దిగమింగుకున్నదానిలా ఉంది. తన పనితనానికి తనకే ముచ్చటేసింది.

ఓనరు వెనకనుంచి చూసి, "ఎవరయ్యా ఈవిడ? ప్రాణం ఉసూరుమంటోంది చూస్తుంటే" అన్నాడు.

"మా వదిన సార్."

భార్యల్ని కొట్టే మొగుళ్ల మీద ప్రచారం చేసే సంస్థ ఒకటి అప్పుడే పోస్టరుకి ముఖం వెతుకుతోంది. ఓనరు ఈ ఫొటో ఇద్దామన్నాడు. ఏదో మంచి పనికట అని చిన్నా అడిగితే, వదిన ఫొటో కూడా చూడకుండా ఒప్పుకుంది. "నా మొహం ఒకరికి పనికొస్తుందంటే కాదంటానా?" అని నవ్వింది.

పోస్టర్లు బస్టాపుల్లో, ఆసుపత్రి గోడ మీద, స్కూలు ఎదుట వెలిశాయి. వదిన ముఖం కింద పెద్ద అక్షరాలు: ఈమె చెప్పలేదు. మీరైనా అడగండి.

అందరూ అడగడం మొదలుపెట్టారు. కొలతలకొచ్చిన ఒకావిడ తలుపు దగ్గరగా వేసి, వదిన చెయ్యి పట్టుకుంది. "నాతో చెప్పమ్మా, ఎవరికీ చెప్పను."

వదిన పడీపడీ నవ్వింది. "అయ్యో, ఆయన ఈగని కూడా కొట్టరండీ."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఎంత ఓర్పమ్మా నీది."

ఎంత నవ్వితే అంత జాలిపడ్డారు. నవ్వు మానేస్తే, చూశారా అన్నారు. ఇద్దరు తల్లులు పిల్లల్ని వేరే వ్యానుకి మార్చుకున్నారు. స్కూలు హెడ్మాస్టరు అన్నయ్యని పిలిచి, "ఇంట్లో అంతా బాగేనా?" అని మెత్తగా అడిగాడు. ఆ మెత్తదనానికి అన్నయ్యకి తల కొట్టేసినట్టయింది.

పోస్టర్లు తీయించమని చిన్నా ఓనరు చుట్టూ తిరిగాడు. "ఒప్పుకున్నాకే కదయ్యా ఇచ్చింది. ఇప్పుడు నా చేతుల్లో ఏముంది? అలాంటివే ఇంకో నాలుగు చెయ్యమంటున్నారు" అన్నాడాయన. చిన్నా అసలు ఫొటో ప్రింటు తీసి వీధిలో ఇంటింటికీ చూపించాడు. సూది, దారం, చెంపమీద ఊచ నీడ అన్నీ ఉన్నాయందులో. కొలతలావిడ కళ్లజోడు సవరించుకుని చూసింది.

"దెబ్బలు భలే చెరిపేశావు బాబూ. మీ అన్నయ్య చెయ్యమన్నాడా?"

చిన్నా ప్రింటు చుట్టి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చేసరికి అన్నయ్య అన్నం తింటున్నాడు. వదిన మంచినీళ్ల గ్లాసు పెడుతూ ఉలిక్కిపడింది, చెయ్యి బల్ల అంచుకి తగిలినట్టుంది. చిన్నా చూపు గబుక్కున అన్నయ్య చేతుల మీదకి పోయింది. అలా చూస్తూండగా అన్నయ్య తలెత్తాడు. అన్నయ్య చేతులు కంచం చాటుకి తీసుకున్నాడు.

కొన్నాళ్లకి గోడల మీద వేరే పోస్టర్లు వచ్చాయి. ఇంట్లో మాత్రం ఏదీ మునుపటిలా కాలేదు. అన్నయ్య గొంతు తగ్గించుకున్నాడు. కూర మాడినా కిక్కురుమనడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తాడు. వదిన పలకరిస్తే, ఎవరో వింటున్నట్టు, "నీ ఇష్టం" అంటాడు.

ఒక ఆదివారం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ వదిన జేబు దగ్గర కాల్చేసింది. చొక్కా తెచ్చి ఆయన ముందు పరిచింది. గోధుమరంగు మరక అరచేయంత ఉంది.

"బావుందిలే" అన్నాడు అన్నయ్య.

"ఏం బావుంది? ఇదివరకైతే ఇల్లు పీకి పందిరేసేవారు. ఒక్కసారి కసురుకోండి. నేనూ నాలుగంటాను. మళ్లీ మనం మనలా ఉందాం."

అన్నయ్య లేచి ముందు వీధివైపు కిటికీ మూశాడు. తర్వాత వంటింటిది. వచ్చి ఆమె ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. చివరికి చొక్కా మడతపెట్టి, "ఇంకోటి ఉందిగా" అన్నాడు, పక్కగదిలోకి కూడా వినబడనంత నెమ్మదిగా.