కొడితేనే ఊపిరి

వదిన చేయి విరిగి నాలుగు రోజులైంది. విరిచింది మరిది.

అతనికి టైర్ల దుకాణం ఉంది. అన్న పైపుల ఫ్యాక్టరీలో వెల్డరు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకుంటాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి తమ్ముడు డ్రిల్లింగ్ మిషన్ తిరిగి ఇచ్చేద్దామని అన్న ఇంటికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. మంచం మీద అన్న వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. వదిన అతని గుండెల మీద పిడికిలితో గుద్దుతోంది. రెండు చెంపలూ వాయించింది. మళ్ళీ గుద్దింది.

తమ్ముడు ఆమెను జుట్టు పట్టి లాగాడు. ఆమె మళ్ళీ మంచం మీదికి ఎగబడింది. కుడిచేయి దొరకబుచ్చుకుని మెలితిప్పి, మంచం పట్టెకేసి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. ఆమె కేక పెట్టింది. అప్పుడే అన్న పెద్దగా గాలి పీల్చి లేచి కూర్చున్నాడు.

"ఏంట్రా ఈ గోల? మనిషిని పడుకోనివ్వరా?"

చొక్కా విప్పి చూస్తే ఛాతీ నిండా మచ్చలు. కొన్ని నీలం, కొన్ని పసుపు. అంటే ఇది నిన్నా ఇవాళా మొదలైంది కాదు.

"నిద్రపోతే ఊపిరి ఆగిపోతోంది బాబూ," అంది వదిన, విరిగిన చేయి ఒళ్ళో పెట్టుకుని. "పిలిస్తే పలకడు, కుదిపితే లేవడు. కొడితేనే తీసుకుంటాడు."

"నా చెవిలో పువ్వులు కనపడుతున్నాయా నీకు?"

అన్న ఎటూ తేల్చలేదు. నిద్రలో ఏం జరుగుతోందో అతనికేం తెలుసు? తమ్ముడు స్టేషనుకెళ్ళి, మా వదిన మా అన్నను చంపబోయిందని రాసిచ్చాడు. ఇన్‌స్పెక్టరు చదివి కాగితం వెనక్కిచ్చాడు.

"డాక్టరు దగ్గర రాయించుకుని రా. మీ అన్న ఊపిరి మామూలుగా ఉందంటే ఆవిణ్ణి లోపలేస్తా. లేదంటే, చేయి విరిచినందుకు నిన్ను."

డాక్టరు ముగ్గుర్నీ ఊపిరి పరీక్షల గదికి పంపాడు. ఇన్‌స్పెక్టరు వెనక్కిచ్చిన కాగితం ఇప్పుడు కూడా తమ్ముడి జేబులోనే ఉంది.

గదిలో ఒక కుర్చీ, ఒక మంచం, ఒక తెర, ఇనుప స్టాండుకి వేలాడే గొట్టాలు. పరీక్ష చేసే టెక్నీషియన్ నడివయసు ఆవిడ. జడలో పెన్ను గుచ్చుకుని ఉంది. ముందు అన్న చేత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించింది.

"అయిదు లీటర్లకి కాస్త తక్కువ. బాగుంది."

"విన్నావా?" అని తమ్ముడు వదిన వైపు తిరిగాడు. "గాలి సంగతి నాకు చెప్పొద్దు. పొద్దున లేస్తే నా పని అదే."

"తిత్తి బాగుంది నాయనా. ఊదమని చెప్పేవాడు పైన ఉన్నాడో లేడో చూడాలి," అని ఆమె తన నుదుటి మీద వేలితో కొట్టి చూపించింది.

అన్నను కుర్చీలో కూర్చోబెట్టింది. పక్కన రబ్బరు సంచి ఉంది.

"ఇందులో ఆక్సిజన్ నింపాను. ఈ సంచిలోకే వదలాలి, ఇందులోంచే పీల్చాలి. వదిలిన చెడుగాలి మళ్ళీ మీలోకే వస్తుంది. రెండో నిమిషానికి ఎవరికైనా ఆయాసం మొదలవుతుంది. మూడో నిమిషానికి నా జుట్టు పట్టుకుంటారు. ఇప్పటికి నలుగురు పట్టుకున్నారు."

"ఆ అలవాటు నాకు లేదమ్మా. మావాడిదది," అన్నాడు అన్న.

ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించింది. తెర మీద రెండు గీతలు బయలుదేరాయి. కిందిది ఊపిరిలోని చెడుగాలి. పైది నిమిషానికి పీల్చే గాలి.

కింది గీత ఎక్కుతోంది. పైది ఏడు లీటర్ల దగ్గర పడుకుంది. రెండు నిమిషాలు. మూడు. కింది గీత ఇంకా ఎక్కింది. అన్న బస్సు కోసం నిలబడ్డవాడిలా సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు. నాలుగో నిమిషంలో ఆమె గొట్టం తీసేసింది.

"ఏమనిపించింది?"

"ఏముంది? రబ్బరు వాసన."

ఆమె పెన్ను తీసి ఏదో రాయబోయింది. తమ్ముడు ఆ పెన్ను లాక్కున్నాడు.

"మిషన్ చచ్చింది! పై గీత కదల్లేదు. కళ్ళారా చూశాను. ఆడవాళ్ళు ఇద్దరూ ఒకటయ్యారా?" ఆమె కోటు కాలరు పట్టి గోడకి నెట్టాడు. తల గోడకి తగిలింది.

ఆమె అతని చేతుల్ని చూసింది. కేక వెయ్యలేదు.

"అయిదో వాడివి," అంది. "రోజూ పొద్దున్నే ఈ సంచిలోంచి ముందు నేనే పీలుస్తాను, మిషన్ బతికుందో లేదో తెలియడానికి. ఇవాళ నాకు పై గీత నలభై ఒక్క లీటర్లకి ఎక్కింది. గాలి నీ పనేగా? కూర్చో."

తాడోపేడో తేలిపోతుందని కూర్చున్నాడు. మంచం మీద కాసేపు నడుం వాల్చమని ఆమె అన్నకు చెప్పి, అతని వేలికి క్లిప్పు తగిలించింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో పక్కనున్న డబ్బా మీద అంకె పడుతుంది. తొంభై ఎనిమిది.

తమ్ముడికి మొదటి నిమిషం ఏమీ అనిపించలేదు. రెండో నిమిషంలో ఛాతీ తనంతట తనే ఎగరడం మొదలెట్టింది. ఎంత పీల్చినా చాలడం లేదు. చెవుల్లో మోత. ఎవరో గుండెల మీద లారీ టైరు పెట్టి ఎక్కి కూర్చున్నారు. కళ్ళు బయటికొచ్చాయి. అన్న నాలుగు నిమిషాలు ఉన్నాడు కదా, తనూ ఉండాలనుకున్నాడు. కాళ్ళు ఆ మాట వినలేదు. స్టాండుని తన్నాయి. గొట్టాన్ని పీకి పడేశాడు. పెదవి చీలి నెత్తురు కారింది. స్టాండు గదికి అడ్డంగా పడింది. గొట్టాలు దాని చుట్టూ చిక్కుపడ్డాయి.

"రెండు నిమిషాల నలభై సెకన్లు. యాభై రెండు లీటర్లు," అంది ఆమె తెర చూసి. "మిషన్ బానే ఉంది. నీకు లోపల కొట్టేవాడున్నాడు. మీ అన్నకు లేడు. మెలకువలో ఎలాగో లాక్కొస్తాడు. నిద్రపోతే..."

వదిన అప్పటికే లేచి నిలబడింది. మంచం మీంచి ఊపిరి శబ్దం ఆగిపోయిందని ముందు తెలిసింది ఆమెకే.

షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మనిషి, నడుం వాల్చగానే నిద్రపోయాడు. ఛాతీ కదలడం లేదు. డబ్బా మీద అంకె ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. డబ్బా కూత పెట్టింది.

టెక్నీషియన్ బెల్లు నొక్కి, గోడకున్న మాస్కు అందుకుంది. మధ్యలో స్టాండు. కాలు గొట్టాల్లో ఇరుక్కుని బోర్లా పడింది.

వదిన ఎడమచేత్తో చెంప మీద కొట్టింది. అది ఆమెకు వాటమైన చేయి కాదు. గుద్దింది. కట్టు కట్టిన కుడిచేయి కూడా ఎత్తబోయి, నొప్పికి ముడుచుకుపోయింది. డెబ్బై ఒకటి. పెదాలు నీలం.

"చూస్తావేంటిరా, కొట్టు!"

తమ్ముణ్ణి పదేళ్ళప్పటి నుంచి పెంచింది ఈ అన్నే. అన్న మీద అతను ఏనాడూ చెయ్యెత్తలేదు. గొంతే ఎత్తలేదు. చెంప మీద కొట్టాడు.

"గట్టిగా!"

అరవై ఆరు. పిడికిలి బిగించి గుండెల మీద గుద్దాడు. మళ్ళీ. మూడో గుద్దుకి లోపల ఏదో కదిలి, అన్న గొంతులోంచి గరగరమని గాలి లోపలికి వెళ్ళింది. ఇంకో ఊపిరి. డెబ్బై నాలుగు. ఎనభై. కళ్ళు తెరిచాడు.

మీద వంగి ఉన్న తమ్ముణ్ణి, అతని పిడికిలిని, గడ్డం మీది నెత్తుర్ని చూశాడు.

"నన్ను కొట్టావురా?"

టెక్నీషియన్ మోకాలు రుద్దుకుంటూ వచ్చి మాస్కు తగిలించింది. డాక్టరు వచ్చాడు, గీతలు చూశాడు, కాగితం మీద నాలుగు ముక్కలు రాశాడు. నిద్రలో ఊపిరి నెట్టే యంత్రం తెప్పించాలి. వార్డులో ఉన్నవి రెండే, రెండూ ఖాళీ లేవు. తొమ్మిది రోజులు పడుతుంది. అందాకా వార్డులోనే ఉండాలి. అతను పడుకున్నప్పుడల్లా ఇంటి మనిషి ఒకరు పక్కనే మేలుకుని ఉండాలి.

తమ్ముడు జేబులోంచి తను రాసిన కాగితం తీశాడు. మడిచిన చోటే చింపాడు.

"వదినా, స్టేషనుకి నేనే వెళ్తాను."

"తర్వాత వెళ్దువుగాని. పారిపోదది," అంది ఆమె. "ఈ తొమ్మిది రోజులూ నాకు కుడిచేయి కావాలి. విరిచినవాడివి నువ్వే ఇవ్వాలి. ఇలా రా."

అతని పిడికిలి పట్టుకుని అన్న ఛాతీ మీద పెట్టింది. కింద పసుపు మచ్చ ఉంది.

"చెంప లాభం లేదు. ఇక్కడ."

"ఎంత గట్టిగా కొట్టాలి?"

వదిన కట్టు వైపు చూసుకుంది.

"దీన్ని విరిచావు చూడు, అంత గట్టిగా."