పూట ఆపిన పాలు

సుధామణి ఆడిన అబద్ధం ఒకే ఒక్కటి. అదీ మగవాళ్ళ నోళ్ళకు జడిసి ఆడింది. ఫోన్‌లో ఒక పరిచయాల యాప్ పెట్టుకున్న కొత్తలో, తనకు విడాకులయ్యాయని ఉన్నదున్నట్టే రాసుకుంది. అంతే, పేరైనా అడగకుండా "రూముకు వస్తావా" అని రాసేవాళ్ళు ఈగల్లా ముసురుకున్నారు. విడాకులైన ఆడదంటే తలుపు తీసిపెట్టిన ఇల్లనుకుంటారు కాబోలు, వెధవలు. ఒక్కొక్కణ్ణీ బ్లాక్ చేసి, కంప్లైంట్లు పెట్టి, చివరికి విసుగెత్తి 'పెళ్ళి కాలేదు' అని మార్చేసింది. ఆ తర్వాత మర్యాదగా మాట్లాడేవాళ్ళు కొందరు తగిలారు. వాళ్ళలో ముఖేశ్ ఒకడు.

కృష్ణగిరి మామిడికాయల మండీలో మేస్త్రీనని, అమ్మానాన్నా లేరని, తనదీ పశువులు మేపుకునే ఇల్లేనని చెప్పాడు. వీడియోలో ఎప్పుడు కనబడ్డా తలమీద టోపీ ఉండేది. ఎండలో పని కదా అనుకుంది. నెలల తరబడి మాట్లాడుకున్నాక ఆ మనిషి మీద ఆమెకు ఆశ పుట్టింది. ఆశతోపాటే భయమూ పుట్టింది. ఇదివరకు ఒక ఇంజనీరు ఇలాగే తీయగా మాట్లాడాడు. తీరా చూస్తే పేరొకరిది, ఫోటో ఇంకొకరిది. మరోసారి మోసపోయే ఓపిక ఆమెకు లేదు.

ఆదివారం కృష్ణగిరి బస్టాండులో, పదిమంది మధ్య కలుద్దామని అనుకున్నారు. ఆ మాట చెబితే తల్లి అంజనమ్మ పెదవి విరిచింది.

"చెప్పి పోతే ఏం తెలుస్తాదే? ఆవును కొనేదానికి చెప్పి పోతామా?"

హోసూరు పక్కనున్న వాళ్ళ ఊరు కెలవరపల్లిలో పశువుల బేరమంటే అంజనమ్మ ఇంటివాళ్ళనే అడగాలి. అమ్మేవాడు ఒక పూట పాలు పిండకుండా ఆపేసి, మర్నాడు బేరానికి వచ్చినవాడికి నిండు పొదుగు చూపిస్తాడు. అందుకే తెలిసినవాళ్ళు చెప్పిన రోజుకు పోరు. ముందురోజే చెప్పకుండా పోయి, ఎదురుగా నిలబడి పాలు పిండించి చూస్తారు.

మనిషిని అలా చూడటం సుధామణికి సిగ్గనిపించింది. అయినా శనివారం మధ్యాహ్నం గులాబీ తోట పనికి సెలవు పెట్టి, తానెక్కడున్నదీ తల్లి ఫోన్‌లో కనబడేట్టు పెట్టి, కృష్ణగిరి బస్సెక్కింది.

మండీలో వరదప్ప అనే ముసలాయన కాయల మీద గడ్డి కప్పుతున్నాడు.

"ముఖేశ్ అనే ఆయన ఈడ పని చేస్తాండాడా అప్పా?"

"టోపీ ముఖేశా? మా మేస్త్రీనే. అమ్మానాయినా లేని పిల్లోడు, మంచోడు. ఈపొద్దు లీవు పెట్టి హోసూరు పక్క పోయినాడమ్మా. ఎవురో ఆడపిల్లను చూసేదానికి. రేపు కదప్పా చూసేది అంటే, చెప్పి పోతే ఏం తెలుస్తాది అంటాడు."

సుధామణి ఉన్నచోటే నిలబడిపోయింది. పశువుల ఇంటివాడు మరి! అతను చెప్పిందంతా నిజమేనని సంతోషం కలిగింది. మరుక్షణమే గుండె జారింది. దాచింది తానొక్కతే. ఆ దాచిన సంగతి కెలవరపల్లిలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇంతలో తల్లి ఫోన్ చేసింది.

"ఏమే, నువ్వు చూసేదానికి పోయినోడు ఈడ టీ అంగట్లో నా ఎదురుగ్గా కాఫీ తాగతాండాడు."

"ఇంటికి పిలిచినావా?"

"నాకేమన్నా పిచ్చా? తోట గేటుకాడ నీకోసం అడిగినాడంట. వాచ్‌మన్ నీ ఊసెత్తకుండా నన్ను పిలిపించినాడు. ఇప్పుడు బస్సెక్కిస్తాండాను. నడిమధ్య సూళగిరిలో దిగమని చెప్పినాను. నువ్వూ ఆడే దిగు."

ఫోన్ పెట్టేసింది. అమ్మ సంగతంతా చెప్పేసిందా, లేదా? బస్సులో సుధామణి తిరిగి ఫోన్ చేయబోయి, మళ్ళీ సంచిలో పడేసింది. చెప్పిందో లేదో కనుక్కుని, దాన్నిబట్టి నోరు విప్పితే అది నిజం చెప్పడం అవుతుందా? అంత నీచానికి దిగబుద్ధి కాలేదు.

సూళగిరి బస్టాపులో పొద్దు ఇంకా బాగానే ఉంది, జనమూ ఉన్నారు. కాసేపటికి హోసూరు బస్సులోంచి టోపీ దిగింది. అతను పలకరించేలోపే ఆమె మొదలుపెట్టింది.

"నాకు ముందే పెళ్ళయింది. డెంకణికోటలో. దెబ్బలు తట్టుకోలేక ఏడాది తిరక్కుండానే వచ్చేసినాను. కోర్టులో విడాకులయినాయి. పెళ్ళి కాలేదని రాసింది అబద్ధం."

చూపు తిప్పుకోకుండానే చెప్పింది.

"మీ అమ్మ ఈ మాట చెప్పలేదే," అన్నాడు ముఖేశ్. "మీ గురించి అడిగితే, దాని సంగతి అదే చెప్పాల అనింది. ఊర్లో ఎవురినీ అడగనీకుండా బస్సెక్కించింది."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఎందుకట్లా రాసినారు?"

రూముకు రమ్మన్నవాళ్ళ సంగతి చెప్పింది. వింటుంటే అతని మొహం ఎర్రబడింది.

"నాకన్నా చెప్పిండొచ్చు కదా."

"మీరు ఎట్లాంటోళ్ళో నాకెట్ల తెలుస్తాది?"

"అదీ నిజమే," అన్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, తల వంచుకుని టోపీ తీశాడు. నున్నటి బట్టతల మీద సాయంత్రపు ఎండ పడింది.

"యాప్‌లో పెట్టిన ఫోటో శానా పాతది," అన్నాడు మెల్లగా.

సుధామణికి నవ్వు ఆగలేదు. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పూట పాలు ఆపినోళ్ళమే ఇద్దరమూ," అంది.

ముఖేశ్ కూడా నవ్వేశాడు. కృష్ణగిరి బస్సు వచ్చి నిలబడింది. ఎక్కబోతూ ఆగాడు.

"అయితే రేపు?"

"చెప్పినట్టే బస్టాండుకు వస్తాను. ఎండకయితే టోపీ పెట్టుకోండి. నాకోసమయితే వద్దు."